కలప ఓడల్లో వెళ్లినవాళ్లు

19వ శతాబ్దంలో కెనడా అడవుల దుంగలు ఓడలకెక్కి బ్రిటన్‌కు వచ్చేవి. తిరుగు ప్రయాణంలో ఓడ ఖాళీ. ఖాళీ ఓడ అలలకు నిలవదు, అడుగున రాళ్లో ఇసుకో నింపాలి. మనుషుల్ని ఎక్కిస్తే బరువుకు బరువు, డబ్బుకు డబ్బు! దుంగలు దింపిన చోటే చెక్కలు కొట్టి పడకలు చేసేవారు. కెనడాలోని క్విబెక్ చేరగానే వాటిని పీకేసి మళ్లీ దుంగలు నింపేవారు. న్యూయార్క్ కంటే క్విబెక్ టికెట్ చవగ్గా ఉండటానికి ఇదొక కారణం. ఐర్లండ్ పేదలు ఎందరో అట్లాంటిక్ దాటింది ఇలాగే.

వీళ్లను బంగాళాదుంప తెగులు తరిమిందని మనం ఒక్క మాటలో తేల్చేస్తాం. తెగులు వచ్చింది 1845లో. అంతకుముందు ముప్పై ఏళ్లలోనే పది లక్షల మంది దాకా ఉత్తర అమెరికాకు వెళ్లిపోయారు. నెపోలియన్ యుద్ధాలు ముగిసి ధాన్యం ధరలు పడిపోయాయి, కౌలు మాత్రం ఆ మేరకు తగ్గలేదు. ఐర్లండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్‌లో మిల్లులొచ్చి, ఇళ్లలో నార వడికేవాళ్ల పొట్ట కొట్టాయి.

ఇక 1847, తెగులు తెచ్చిన కరువు కాలం. పావు ఎకరాకు మించి భూమి ఉన్నవాడికి ప్రభుత్వ సాయం లేదని ఆ ఏడు చట్టం చేశారు. గంజి కావాలంటే భూమి వదులుకోవాలి. మరోపక్క, నాలుగు పౌండ్ల లోపు విలువైన కమతాల మీద పేదల సాయానికి వేసే పన్ను భూస్వామే కట్టాలి. అంటే చిన్న రైతు ఊళ్లో ఉన్నన్నాళ్లూ దొరకు ఖర్చే. రోస్‌కామన్ జిల్లా స్ట్రోక్స్‌టౌన్‌లో డెనిస్ మహోన్ అనే భూస్వామి దివాణం లెక్క వేసింది: వీళ్లను ఏడాది పాటు పేదల సత్రంలో పోషించడం కంటే కెనడా పంపడం చవక. 1,490 మంది డబ్లిన్ దాకా కాలువ గట్టున నడిచి వెళ్లారు. వాళ్లలో కొందరెక్కిన వర్జీనియస్ ఓడలో మొత్తం 476 మంది ప్రయాణికులుంటే 158 మంది సముద్రం మీదే పోయారు. ఆ నవంబరులో మహోన్‌ను కాల్చి చంపారు. దుంప కుళ్లడం ప్రకృతి పని, ఈ లెక్క మనుషులది. నేను క్షమించలేనిది ఈ లెక్కనే.

తర్వాతి దశాబ్దాల్లో కరువు తగ్గినా వలస ఆగలేదు. పొలం ఒక్క కొడుక్కి, కట్నం ఒక్క కూతురికి, మిగతావాళ్లకు ఓడ. ముందు వెళ్లిన అక్క పంపిన టికెట్టుతో చెల్లెలు బయల్దేరేది. ప్రయాణానికి ముందు రాత్రి ఇంట్లో ‘అమెరికన్ వేక్’ జరిపేవారు. శవం దగ్గర చేసే జాగారం లాంటిదే, బతికున్న పిల్లకు చేసేవారు. ఫిడేలు, నాట్యం, మధ్యమధ్య ముసలమ్మల శోకాలు. తెల్లారాక ఊరి దారి కొంతదూరం తోడు వెళ్లి వెనుదిరిగేవారు.

చచ్చినవాళ్లూ వెళ్లినవాళ్లూ ఎక్కువగా పడమటి జిల్లాల వాళ్లు, ఐరిష్ భాష మాట్లాడేవాళ్లు. 1851లో ఆ భాష వచ్చినవాళ్లు 15 లక్షలు, 1891కి 7 లక్షల లోపు. ఆ నోళ్లలోని పాటలూ సామెతలూ ఎన్ని పోయాయో! 1841లో ఆ ద్వీపం జనాభా 82 లక్షలు. ఈనాటికీ అంతమంది అక్కడ లేరు.