మేడమీది ఏరియల్

ఒకప్పుడు రేడియో గల యింటిని గుర్తించుటకు లోపలికి పోనక్కరలేదు. మేడమీద రెండు వెదురుగడలు, వాని నడుమ ఒక రాగితీగ కనబడిన చాలును. ఆ తీగ వినువారిది. వినుటతో తృప్తి చెందక, తామును పలుకవలెనని కోరినవారు అమెచ్యూర్ రేడియో సాధకులు.

హైదరాబాదున ప్రసారము మన హిమాయత్‌నగర్‌కు సమీపముననే, ఆబిడ్స్ ప్రాంతపు చిరాగ్ అలీ గల్లీలో వేళ్లూనినది. 1935 ఫిబ్రవరి 3న దక్కన్ రేడియో 200 వాట్ల శక్తితో పలుక నారంభించెను. అది 40 వాట్ల దీపములు అయిదింటికి చాలు శక్తి మాత్రమే. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రము భారత ప్రభుత్వ హస్తగతమైనది.

అమెచ్యూర్లకు కాలము అంత అనుకూలింపలేదు. 1939లో యుద్ధము రాగానే బ్రిటిషు ఇండియాలో క్రొత్త లైసెన్సులు నిలిచిపోయినవి. ప్రసారయంత్రములను పోలీసులకు అప్పగింపవలసినదని ఉత్తరువులు వచ్చినవి. యుద్ధానంతరము ఈ విద్య మరల చిగిర్చినది. 1983లో హైదరాబాదున జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వెలసి, పరీక్షలకు శిక్షణ నిచ్చుచు పెక్కుమందిని ఈ మార్గమున ప్రవేశపెట్టినది.

ఈ విద్యలో యంత్రముకంటె ఏరియలే ముఖ్యము. ఎంత ఖరీదైన యంత్రమైనను తీగ సరిగా లేనిచో దాని శక్తి వ్యర్థమగును. లెక్క సులభము: 143ను మెగాహెర్ట్జ్‌ల సంఖ్యచే భాగించిన, అర్ధతరంగపు తీగ పొడవు మీటర్లలో వచ్చును. 7.1 మెగాహెర్ట్జ్‌లకు అది సుమారు 20 మీటర్లు. దానిని నడుమ ఖండించి, రెండు భాగములకును కేబులును కలుపవలెను. హిమాయత్‌నగర్ మేడలపై అంత చోటు దొరకనిచో, నడుమ ఒకే గడ నిలిపి, రెండు కొనలను ఏటవాలుగా దింపవచ్చును. కొనలయందు విద్యుత్పీడనము హెచ్చు. కావున వానిని చేతి కందనంత ఎత్తున కట్టవలెను. కరెంటు తీగల చేరువను ఏరియల్ ఎన్నడును కట్టరాదు. ఉరుముల వేళ కేబులును యంత్రమునుండి ముందుగనే వేరుచేయవలెను.

తీగ ఎత్తు తక్కువైనదని చింతింపనక్కరలేదు. అట్టి తీగ తరంగములను నిటారుగా మీదికి పంపును. పగటివేళ అవి అయనోమండలమున పరావర్తనము చెంది, చుట్టుప్రక్కల కొన్నివందల కిలోమీటర్ల మేర దిగివచ్చును. మన నగరమునుండి మచిలీపట్టణము సుమారు 300 కిలోమీటర్లు. అనగా ఈ మేడమీది తీగ మన సముద్రతీరమును అందుకొనగలదు.

ఆ మాట వినోదమునకు చెప్పినది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు టెలిఫోను తీగలు తెగి, ఆ ఘోరము బయటిలోకమునకు వెంటనే తెలియలేదు. 2004 డిసెంబరులో మన నగరపు ఈ సంస్థ తరపున భారతీ ప్రసాద్ గారు అండమానునందలి పోర్ట్ బ్లెయిర్‌కు అమెచ్యూర్ ప్రసారములకై వెళ్లియుండిరి. 26వ తేదీన సునామీ వచ్చెను. దూరదేశపు మిత్రులతో సంభాషించుటకు నిలిపిన ఆ యేరియలే ఆప్తుల క్షేమవార్తలను మోసినది.

కావున అనుమతి పొందియే ప్రసారము చేయుడు. తీగను శ్రద్ధగా కొలిచి కట్టుడు. ఇరుగుపొరుగువారు ‘ఎందుకయ్యా ఈ తీగ?’ అని యడిగినచో దివిసీమ కథ చెప్పుడు.