క్రెయిగ్‌లీత్ ఇసుకరాతి క్వారీ

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరా నడిబొడ్డుకు వాయవ్యాన ఉండేది క్రెయిగ్‌లీత్ క్వారీ. 17వ శతాబ్దం నాటికే అక్కడ ఇసుకరాయి తీస్తున్నారు. 1942లో పని ఆగిపోయే నాటికి అది వంద మీటర్ల పైచిలుకు లోతుకు దిగింది.

ఆ రాయి కార్బోనిఫెరస్ యుగపు తొలి దశకు చెందినది, వయసు సుమారు 34 కోట్ల ఏళ్లు. అప్పటి స్కాట్లాండ్ భూమధ్యరేఖకు దగ్గరగా ఉండేది. నదులు మోసుకొచ్చిన సన్నని ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, సిలికాతోనే అతుక్కుని గట్టిపడింది. అందుకే ఈ రాతిలో 98 శాతం వరకు సిలికాయే. పొరల జాడ కనిపించకుండా ఏ వైపు చెక్కినా ఒకేలా తెగే మేలురకాన్ని అక్కడివారు ‘లివర్ రాక్’ అనేవారు.

1767లో ప్లాను ఖరారైన ఎడిన్‌బరా న్యూ టౌన్‌తో క్వారీకి గిరాకీ పెరిగింది. 1789లో పునాది పడిన విశ్వవిద్యాలయ భవనం ముందున్న స్తంభాలు ఒక్కొక్కటీ ఒకే రాతి నుంచి చెక్కినవి, ఆరు మీటర్లకు మించిన ఎత్తువి. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నెల్సన్ విగ్రహానిదీ ఈ రాయే. భవనాలకు మన్నిక ఇచ్చిన సిలికాయే రాళ్లు చెక్కేవారి ఊపిరితిత్తుల్లోకి ధూళిగా చేరింది. నగరంలో ఈ పనిలో ఉన్నవారెవరూ యాభై ఏళ్ల వయసు దాకా క్షయ లక్షణాలు లేకుండా ఉండడం దాదాపు కనబడదని వైద్యుడు విలియం అలిసన్ 1820ల్లోనే రాశాడు. ఆ జబ్బును నేడు సిలికోసిస్ అంటున్నారు.

1826లో, మళ్లీ 1830లో క్వారీలో భారీ చెట్ల శిలాజాలు బయటపడ్డాయి. 1830లో దొరికిన మాను ఇసుకరాతి పొరలకు అడ్డంగా, ఏటవాలుగా ఉంది. అంటే మాను కుళ్లేలోపే చుట్టూ ఇసుక మేట వేసిందన్నమాట. కర్రలోకి కార్బనేట్ ఖనిజాలు చేరడంతో కణాల అమరిక చెక్కుచెదరలేదు.

ఆ అమరికను చూడటానికి ఎడిన్‌బరాకు చెందిన విలియం నికోల్ పద్ధతి అక్కరకొచ్చింది. రాతి ముక్కను ఒకవైపు నునుపు చేసి గాజు పలకకు అంటించాలి. రెండోవైపును వెలుతురు దూరేంత పలచన అయ్యేదాకా అరగదీయాలి. అప్పుడు సూక్ష్మదర్శినిలో కణాలు తేటగా కనిపిస్తాయి. హెన్రీ విథమ్ 1831లో వెలువరించిన గ్రంథంలో ఈ పద్ధతినీ, క్రెయిగ్‌లీత్ చెట్లనూ వివరించాడు. బొగ్గుపొరల (కార్బోనిఫెరస్) కాలంలో ఫెర్న్‌ల వంటి పూలూ విత్తనాలూ లేని మొక్కలే ప్రధానమన్న అప్పటి అభిప్రాయానికి ఇది సవాలైంది. శంఖాకార వృక్షాలను పోలిన కర్ర కూడా అప్పటికే ఉందని తేలింది. ఆ చెట్టుకు ‘పైటిస్ విథమై’ అనే పేరు స్థిరపడింది. 19వ శతాబ్దం మధ్యలో హెన్రీ సోర్బీ ఇదే పద్ధతిని మామూలు రాళ్లకు వర్తింపజేశాడు. శిలలను సూక్ష్మదర్శినితో పరిశీలించే శాఖకు అదే నాంది. నేటికీ భూగర్భశాస్త్ర విద్యార్థులు ఈ పలచని రాతి ముక్కలతోనే శిలల్ని గుర్తుపట్టడం నేర్చుకుంటారు.

మూతపడిన తరువాత క్వారీని పూడ్చేశారు. ప్రస్తుతం అక్కడ సూపర్‌మార్కెట్ ఉంది. రాతి గోడల దగ్గరికి విద్యార్థుల్ని తీసుకెళ్లి చూపించే వీలు అలా పోయింది. అయితే ఇక్కడి చెట్ల శిలాజాలు ఎడిన్‌బరా రాయల్ బొటానిక్ గార్డెన్‌లోనూ, లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం ఆవరణలోనూ నిలిచాయి. ఇసుకరాతి స్వభావం, వాతావరణానికి అది తట్టుకునే తీరు న్యూ టౌన్ గోడల మీదే పరిశీలించవచ్చు.