ఒక బిట్టు, పదకొండు మార్కులు

ప్రవేశ పరీక్షల కథ ఎంసెట్‌తో మొదలైందనుకుంటాం. కానీ మొదటి ఎంసెట్‌కు పదిహేనేళ్ల ముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి పరీక్ష మీద పెద్ద వ్యాజ్యం నడిచింది. ఎంబీబీఎస్ సీట్లకు ప్రభుత్వం పెట్టిన ఎంట్రన్స్‌ను విద్యార్థులు కోర్టుకు లాగారు. హైకోర్టులో ప్రభుత్వం ఓడింది. 1971లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. విశ్వవిద్యాలయం చెప్పిన కనీస మార్కులు అర్హతకే సరి. సీట్లకు మించి దరఖాస్తులు వచ్చినప్పుడు, కాలేజీలు నడిపే ప్రభుత్వం పరీక్ష పెట్టి ఎంచుకోవచ్చని తేల్చింది. పబ్లిక్ పరీక్ష మార్కులు గుమ్మం దాకా తెస్తాయి, లోపలికి పంపేది ఎంట్రన్స్ అనే పద్ధతికి అలా చట్టబలం దొరికింది.

ఆ తర్వాత డొనేషన్ల కాలం. డబ్బున్న ఇళ్ల పిల్లలు కర్ణాటక వెళ్లి ఇంజినీరింగ్ సీట్లు కొనుక్కునేవారు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం తెచ్చింది. 1986లో ఎంసెట్ మొదలైంది. సిఫార్సు చేసేవాళ్లెవరూ లేని ఇంటి పిల్ల ర్యాంకు కార్డు పట్టుకుని వెళ్లి ప్రభుత్వ మెడికల్ కాలేజీలో చేరగలిగింది. ఎంసెట్‌ను ఎంత తిట్టినా ఈ మేలును మరవకూడదు.

ర్యాంకు ఒక్కటే సీటు ఇవ్వలేదన్నదీ నిజమే. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులు మూడు ప్రాంతాలయ్యాయి. ఒకే ర్యాంకు ఒకచోట సీటు తెచ్చేది, మరోచోట ఎదురుచూపు మిగిల్చేది.

అసలు చిక్కు ఇంటర్ దగ్గర వచ్చింది. ఎంట్రన్సే సర్వస్వమయ్యాక రెండేళ్ల చదువు బిట్ల సాధనగా మారింది. దాన్ని సరిదిద్దాలని ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చారు. లెక్క వేసి చూడండి. ఎంపీసీ గ్రూపు సబ్జెక్టులకు 600 మార్కులు, వాటి విలువ 25. ఎంసెట్‌లో బిట్టుకు ఒక మార్కు చొప్పున 160, వాటి విలువ 75. అంటే ఎంసెట్‌లో ఒక్క బిట్టు ఇంటర్‌లో పదకొండు మార్కులకు పైగా తూగుతుంది. ఇంటర్‌లో 540, ఎంసెట్‌లో 80 తెచ్చుకున్న విద్యార్థికి మొత్తం 60. ఇంటర్‌లో 480తో ఆగి, ఎంసెట్‌లో 88 తెచ్చుకున్నవాడికి 61.25. ఇంటర్‌లో అరవై మార్కుల తేడాను ఎనిమిది బిట్లు పూడ్చి, ఇంకా ముందుకు నెట్టాయి. ఈ లెక్క తెలిసిన ఏ కాలేజీ యాజమాన్యం పాఠం మీద సమయం పెడుతుంది? తెల్లవారుజామునే మొదలయ్యే స్టడీ అవర్లు, వారం వారం టెస్టులు, మార్కులను బట్టి మారే సెక్షన్లు ఈ లెక్కలోంచే పుట్టాయి. పిల్లల నిద్రను తిన్నదీ ఇదే. ఆ తప్పు పిల్లలది కాదు, తల్లిదండ్రులదీ కాదు. తూకం అలా పెట్టినవాళ్లది.

తర్వాత పేర్లు మారాయి. 2017 నుంచి మెడికల్ సీట్లు నీట్‌కు వెళ్లిపోయాయి. ఎంసెట్ ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్ అయింది. కరోనా కాలంలో పక్కనపెట్టిన వెయిటేజీని తెలంగాణ 2023లో పూర్తిగా తీసేసింది. ఇది వెనకడుగనే నా అభిప్రాయం. ఆ పాతిక శాతాన్ని పెంచి, ల్యాబ్‌లో చేసే ప్రాక్టికల్స్‌కు నిజమైన విలువ ఇవ్వాల్సింది. ఇప్పుడు తెలంగాణలో ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకైతే 40 శాతం దాటితే చాలు. ఆపైన కష్టపడి తెచ్చుకున్న ఏ మార్కూ ర్యాంకులోకి రాదు.