వాలీబాల్‌లో ఆటగాళ్ల స్థానాలు, నైపుణ్యాలు: చారిత్రక పరిణామం

విద్యార్థులు జవాబుపత్రాల్లో తరచు చేసే పొరపాటు ఒకటుంది. వాలీబాల్‌లో ‘స్థానం’ అనగానే 1 నుంచి 6 వరకు అంకెలు రాసి ఊరుకొంటారు. ఆ అంకెలు సర్వీసు చేసే క్షణంలో ఆటగాడు నిలబడే చోటును మాత్రమే తెలుపుతాయి. సెట్టర్, బ్లాకర్, లిబరో అనేవి బాధ్యతలు. ఈ రెండింటికీ తేడా ఎలా ఏర్పడిందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. స్థానాలు లేని ఆట

1895లో అమెరికాలోని హోల్యోక్ పట్టణంలో వై.ఎమ్.సి.ఎ. వ్యాయామ బోధకుడు విలియం జి. మోర్గన్ ఈ ఆటను రూపొందించాడు. బాస్కెట్‌బాల్ అంతటి శ్రమను తట్టుకోలేని నడివయసు సభ్యుల కోసం ఉద్దేశించిన ఆట ఇది. జట్టులో ఎందరైనా ఉండవచ్చు, బంతిని ఎన్నిసార్లయినా తాకవచ్చు. కాబట్టి ప్రత్యేక నైపుణ్యం అవసరం రాలేదు.

2. పని విభజన

1916 ప్రాంతంలో ఫిలిప్పీన్స్ ఆటగాళ్లు బంతిని ఒకరు ఎత్తిపెట్టగా మరొకరు ఎగిరి కొట్టే పద్ధతిని అభివృద్ధి చేశారు. 1918లో జట్టుకు ఆరుగురు, 1920లో మూడు స్పర్శలు అనే నియమాలు వచ్చాయి. మూడు స్పర్శలే ఉన్నప్పుడు ప్రతి స్పర్శకూ ఒక పని ఏర్పడింది: మొదటిది అందుకోవడం, రెండోది ఎత్తిపెట్టడం, మూడోది కొట్టడం. రెండో స్పర్శకు అధికారి సెట్టర్. ఇతనికి బలంకంటే వేళ్ల నేర్పు, ఎదుటి బ్లాకును పసిగట్టే చూపు ముఖ్యం.

అయితే అందరూ అన్ని చోట్లా ఆడాలన్నది భ్రమణ నియమం ఉద్దేశం. జట్లు దీనికి ఉపాయం కనిపెట్టాయి. సర్వీసు కాగానే ఆటగాళ్లు తమకు నచ్చిన చోటుకు కదలవచ్చు కదా! అందువల్ల ఎడమవైపు నుంచి కొట్టేవారు, మధ్యన అడ్డుకొనే మిడిల్ బ్లాకర్, సెట్టర్‌కు కర్ణంగా నిలిచే ఆపోజిట్ అనే బాధ్యతలు స్థిరపడ్డాయి. సెట్టర్ వెనుక వరుసలోకి వెళ్లినప్పుడు ఆపోజిట్ ముందు వరుసలో ఉంటాడు. ఒకే సెట్టర్‌తో ఆడే 5–1 పద్ధతికి ఆధారం ఇదే.

3. ఎత్తు సమస్య, లిబరో

మోర్గన్ కాలంలో నెట్ ఎత్తు 6 అడుగుల 6 అంగుళాలు. నేడు పురుషులకు 2.43 మీటర్లు, స్త్రీలకు 2.24 మీటర్లు. 1960ల మధ్యలో బ్లాకు చేసేవారు నెట్ మీదుగా చేతులు చాచడానికి అనుమతి లభించింది. 1976లో బ్లాకు స్పర్శను మూడింటిలో లెక్కించడం మానేశారు. ఈ మార్పులతో పొడగరుల విలువ పెరిగింది. నేర్పున్నా ఎత్తు లేనివారికి జట్టులో చోటు తగ్గింది.

ఈ లోటును కొంత పూడ్చింది 1998లో ప్రవేశపెట్టిన లిబరో. ఇటాలియన్ భాషలో ఈ మాటకు ‘స్వేచ్ఛ గలవాడు’ అని అర్థం. వేరే రంగు జెర్సీ ధరించి, వెనుక వరుసలో ఎవరి స్థానంలోనైనా ప్రవేశించవచ్చు. బ్లాకు చేయరాదు, నెట్ పైఅంచుకన్నా ఎత్తులో ఉన్న బంతిపై దాడి చేయరాదు. దాదాపు అదే కాలంలో ప్రతి ర్యాలీకీ పాయింటు ఇచ్చే విధానం వచ్చింది. దాంతో సర్వీసు అందుకోవడంలో జరిగే ప్రతి తప్పూ నేరుగా పాయింటు నష్టమైంది. లిబరో విలువ మరింత పెరిగింది.

ముగింపు

నియమం మారినప్పుడల్లా కొత్త నైపుణ్యం పుట్టింది, ఒక వర్గం ఆటగాళ్లకు తలుపు తెరుచుకొంది లేదా మూసుకొంది. మీలో రేపు వ్యాయామ ఉపాధ్యాయులయ్యేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. పొట్టిగా ఉన్నాడని పిల్లవాణ్ని కోర్టు బయట నిలబెట్టే ముందు, ఒకసారి అతని చేత బంతిని అందుకోనిచ్చి చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. స్థాన సంఖ్యకు, ఆటగాడి బాధ్యతకు గల భేదమేమి?
2. మూడు స్పర్శల నియమం సెట్టర్ ఆవిర్భావానికి ఎలా దారితీసింది?