పోర్టబుల్ సాఫ్టువేరు

కంప్యూటరులో స్థాపించవలసిన అవసరం లేకుండా, పెన్ డ్రైవు లేదా బాహ్య హార్డు డిస్కు నుండి నేరుగా నడిచే సాఫ్టువేరును పోర్టబుల్ సాఫ్టువేరు అంటారు. ఇది తన అమరికలను, వాడుకరి సమాచారాన్ని కంప్యూటరులో కాక తానున్న డ్రైవులోనే భద్రపరచుకుంటుంది. అందువలన ఒకే విహరిణిని అందులోని పేజీ గుర్తులతో సహా ఇంటిలోను, కళాశాల ప్రయోగశాలలోను, ఇంటర్నెట్ కేంద్రంలోను వాడుకొనవచ్చును. అయితే ఇతరుల కంప్యూటరులో ఏ జాడా మిగలదని గాని, ఆ కంప్యూటరు వలన ప్రమాదం ఉండదని గాని దీని అర్థం కాదు.

నేపథ్యం

1980లలో ఎం.ఎస్.డాస్ ఆపరేటింగ్ సిస్టముపై నడిచిన ప్రోగ్రాములలో అనేకం సహజంగానే పోర్టబుల్ స్వభావం కలవి. ఫ్లాపీలోకి కాపీ చేసుకొని మరొక కంప్యూటరులో వేస్తే అవి నడిచేవి. విండోస్ వ్యాప్తితో ఈ పరిస్థితి మారింది. ప్రోగ్రాములు తమ ఉమ్మడి ఫైళ్ళను సిస్టము ఫోల్డరులోను, అమరికలను రిజిస్ట్రీ అనే కేంద్ర పట్టికలోను ఉంచసాగాయి. 1995లో వచ్చిన విండోస్ 95 తరువాత ఈ పద్ధతి సర్వసాధారణమైంది. దీనితో ప్రోగ్రాము ఫోల్డరును మాత్రమే వేరొక కంప్యూటరుకు తరలిస్తే అది తరచు నడవదు.

2000లో యు.ఎస్.బి. ఫ్లాష్ డ్రైవులు విపణిలోకి వచ్చాయి. ఇజ్రాయెల్‌కు చెందిన ఎం-సిస్టమ్స్ తయారు చేయగా ఐ.బి.ఎం. విక్రయించిన తొలి డ్రైవు సామర్థ్యం 8 మెగాబైట్లు. అప్పటి సాధారణ ఫ్లాపీ సామర్థ్యం 1.44 మెగాబైట్లు మాత్రమే. అదే సంవత్సరం వెలువడిన యు.ఎస్.బి. 2.0 ప్రమాణం గరిష్ఠ వేగాన్ని సెకనుకు 12 మెగాబిట్ల నుండి 480 మెగాబిట్లకు పెంచింది. డ్రైవుల సామర్థ్యం, వేగం పెరిగిన కొద్దీ పెద్ద ప్రోగ్రాములను సైతం వాటి నుండి నడపడం సాధ్యమైంది.

2004లో జాన్ టి. హాలర్ ఫైర్‌ఫాక్స్ విహరిణికి పోర్టబుల్ రూపాన్ని విడుదల చేశారు. ఈ ప్రయత్నమే తరువాత పోర్టబుల్‌యాప్స్.కామ్‌గా విస్తరించింది. లిబ్రెఆఫీస్, వీ.ఎల్.సి., గింప్, థండర్‌బర్డ్ వంటి స్వేచ్ఛా సాఫ్టువేర్ల పోర్టబుల్ రూపాలు అందులో లభిస్తాయి. శాన్‌డిస్క్, ఎం-సిస్టమ్స్ సంస్థలు కలిసి యు3 అనే మరొక పద్ధతిని ప్రవేశపెట్టాయి. దీనిలో డ్రైవులోని కొంత భాగం కంప్యూటరుకు సి.డి.వలె కనబడుతుంది. అందువలన డ్రైవును తగిలించగానే ప్రోగ్రాముల పట్టిక దానంతటదే తెరుచుకొనేది. 2009లో యు3ని విరమించడం మొదలైంది.

పనిచేయు విధానం

పోర్టబుల్ రూపంలో అసలు ప్రోగ్రాముకు ముందు ఒక చిన్న ప్రారంభక ప్రోగ్రాము నడుస్తుంది. దాని ముఖ్య విధులు ఇవి:

1. అమరికల స్థానం మార్చడం: మామూలుగా ఫైర్‌ఫాక్స్ తన సమాచారాన్ని కంప్యూటరులోని వాడుకరి ఫోల్డరులో ఉంచుతుంది. ప్రారంభకం దానికి డ్రైవులోని వేరొక ఫోల్డరును చూపుతుంది.

2. రిజిస్ట్రీని కాపాడడం: ప్రోగ్రాముకు రిజిస్ట్రీ తప్పనిసరి అయితే, కంప్యూటరులో అంతకు ముందున్న విలువలను ప్రారంభకం పక్కన పెట్టి, డ్రైవులోని విలువలను తాత్కాలికంగా అందులో చేరుస్తుంది. ప్రోగ్రాము ముగిసిన పిమ్మట కొత్త విలువలను డ్రైవులో దాచి, పాతవాటిని యథాస్థానంలో ఉంచుతుంది. డ్రైవును మధ్యలో లాగివేస్తే ఈ చివరి పని జరగదు.

3. చిరునామాలను సరిచేయడం: ఒకే డ్రైవుకు ఒక కంప్యూటరులో 'ఈ' అనే అక్షరం, మరొక దానిలో 'జి' అనే అక్షరం రావచ్చును. కనుక ఫైళ్ళ చిరునామాలను ప్రస్తుత అక్షరానికి అనుగుణంగా మార్చవలసి ఉంటుంది.

ప్రత్యేక డ్రైవరు ప్రోగ్రాములు అవసరమైన సాఫ్టువేర్లను ఈ విధంగా మార్చడం కష్టం. వాటికి నిర్వాహక హక్కులు కావాలి. మాక్ కంప్యూటరులలో అనేక ప్రోగ్రాములు ఒకే కట్టగా ఉంటాయి. లినక్సులో యాప్‌ఇమేజ్ అనే పద్ధతి కలదు.

లైవ్ వ్యవస్థలతో తేడా

పోర్టబుల్ సాఫ్టువేరు కంప్యూటరులో ఉన్న ఆపరేటింగ్ సిస్టముపైననే ఆధారపడుతుంది. లైవ్ వ్యవస్థలలో ఆపరేటింగ్ సిస్టము కూడా సి.డి. లేదా డ్రైవు నుండే మొదలవుతుంది. 2000లో క్లౌస్ నాపర్ విడుదల చేసిన నాపిక్స్ దీనికి ఉదాహరణ. మైక్రోసాఫ్ట్ 2012లో విండోస్ 8తో పాటు విండోస్ టు గో అనే సదుపాయాన్ని సంస్థలకు అందించి, 2020లో విండోస్ 10 నుండి తొలగించింది.

తెలుగు వాడుకలో పరిమితి

ప్రోగ్రాము డ్రైవులో ఉన్నప్పటికీ, ఖతులు, లిపిని సరిగా చూపే సామర్థ్యం తరచు కంప్యూటరుకు చెందినవే. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు అక్షరాలు సరిగా కనబడాలంటే సంక్లిష్ట లిపుల సదుపాయాన్ని విడిగా స్థాపించవలసి వచ్చేది. అందుకు నిర్వాహక హక్కులు అవసరం. ఆ హక్కులు లేని ఉమ్మడి కంప్యూటరులో ఒత్తులు, గుణింతాలు విడివిడిగా కనబడే అవకాశం ఉండేది. విండోస్ విస్టా నుండి ఈ సదుపాయం ముందుగానే అమర్చబడి వస్తోంది.

భద్రత

పోర్టబుల్ సాఫ్టువేరు వాడుకరి సమాచారాన్ని వెంట తీసుకువెళ్తుంది గాని, కంప్యూటరును నమ్మదగినదిగా మార్చదు. తగిలించిన యు.ఎస్.బి. సాధనాల వివరాలను విండోస్ నమోదు చేసుకుంటుంది. ఇటీవల తెరచిన ఫైళ్ళ పేర్లు, తాత్కాలిక ఫైళ్ళు కూడా అందులో మిగిలిపోవచ్చును. ఆ కంప్యూటరులో కీల నొక్కుళ్ళను దొంగిలించే ప్రోగ్రాము ఉన్నట్లయితే, పోర్టబుల్ విహరిణిలో టైపు చేసిన సంకేతపదం కూడా దానికి చిక్కుతుంది. కనుక బ్యాంకు లావాదేవీలను అపరిచిత కంప్యూటరులో జరపకుండుట మేలు.

డ్రైవు ద్వారా వైరసు ఒక కంప్యూటరు నుండి మరొక దానికి చేరవచ్చును. 2008లో బయటపడిన కాన్ఫికర్ వ్యాప్తి చెందిన మార్గాలలో ఇది ఒకటి. విండోస్ 7లో యు.ఎస్.బి. డ్రైవుల నుండి ప్రోగ్రాములు స్వయంగా మొదలవడాన్ని మైక్రోసాఫ్ట్ నిలిపివేసింది. 2011 ఫిబ్రవరిలో ఇదే మార్పును ఎక్స్‌పీ, విస్టాలకు కూడా పంపింది.

డ్రైవు పోయినట్లయితే అందులోని ఉత్తరాలు, సంకేతపదాలు అన్యుల చేతిలో పడతాయి. వెరాక్రిప్ట్ వంటి ఉపకరణాలతో సమాచారాన్ని గుప్తీకరించవచ్చును. అయితే విండోస్‌లో వెరాక్రిప్ట్‌ను స్థాపించకుండా నడపడానికి నిర్వాహక హక్కులు కావాలి. అవి సాధారణంగా లేని చోటనే పోర్టబుల్ సాఫ్టువేరు అవసరం ఎక్కువ. కాబట్టి తాను వెళ్ళే చోట డ్రైవు తెరుచుకుంటుందో లేదో ముందుగా పరీక్షించుకోవాలి.

వాడుకలో జాగ్రత్తలు

* ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న డ్రైవులో 4 గిగాబైట్ల కంటె పెద్ద ఫైలు పట్టదు. అటువంటి ఫైళ్ళకు ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్.టి.ఎఫ్.ఎస్. వాడాలి.
* ప్రోగ్రామును మూసి, సురక్షితంగా తొలగించు ఆదేశం ఇచ్చిన తరువాతనే డ్రైవును తీయాలి. లేనిచో ఫైళ్ళు పాడవవచ్చును.
* ఫ్లాష్ మెమొరీపై వ్రాయగల పర్యాయాలకు పరిమితి ఉంది. ముఖ్యమైన ఫైళ్ళకు వేరొక చోట ప్రతి ఉంచుకోవాలి.
* కంప్యూటరులోని విహరిణిని నవీకరించినా డ్రైవులోనిది మారదు. దానిని విడిగా నవీకరించాలి.
* కొన్ని వాణిజ్య సాఫ్టువేర్ల లైసెన్సులు ఈ విధమైన వాడుకను అనుమతించవు.

ఇవి కూడా చూడండి

* ఫ్లాష్ మెమొరీ
* స్వేచ్ఛా సాఫ్టువేరు
* కంప్యూటరు వైరసు