మూత్రనాళ ఫిస్టులా: పెద్ద కోత లేకుండా చికిత్స

గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్స జరిగిన కొద్ది రోజులకో, కొన్ని వారాలకో కొందరు స్త్రీలకు యోని ద్వారా మూత్రం నిరంతరం కారడం మొదలవుతుంది. తెల్లబట్ట అనో, ఆపరేషన్ అనంతర బలహీనత అనో భావించి చాలామంది దీన్ని బయటకు చెప్పరు. మూత్రనాళానికి గాయమై, అక్కడి నుంచి యోనిలోకి దారి ఏర్పడటం ఇందుకు ఒక కారణం. దీన్నే మూత్రనాళ ఫిస్టులా అంటారు. త్వరగా గుర్తించి నాళంలో సన్నని గొట్టం అమర్చగలిగితే చాలా సందర్భాల్లో ఇది మానిపోతుంది. ఆలస్యమైతే కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఈ గాయాలు అరుదే అయినా తెలుగువారికి వీటిపై అవగాహన అవసరం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశవ్యాప్తంగా 3.3 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2 శాతం.

గాయం ఎందుకు?

కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రాన్ని చేరవేసే నాళం పొడవు సుమారు 25-30 సెంటీమీటర్లు. గర్భాశయ ముఖద్వారానికి దాదాపు 2 సెంటీమీటర్ల దూరంలో ఇది గర్భాశయ ధమని కిందుగా సాగుతుంది. ధమనిని కట్టేటప్పుడు నాళం కుట్టులో చిక్కుకోవచ్చు, నలగవచ్చు, తెగవచ్చు. రక్తస్రావాన్ని ఆపే విద్యుత్ పరికరాల వేడికి దెబ్బతిన్న భాగం కొన్ని రోజుల తరువాత కూడా చిల్లుపడవచ్చు.

గుర్తించే విధానం

మామూలుగా మూత్రవిసర్జన జరుగుతున్నా లీకేజీ ఆగకపోవడం ముఖ్యమైన సూచన. రెండో కిడ్నీ మూత్రాశయాన్ని నింపుతూనే ఉండటం ఇందుకు కారణం. మూత్రాశయంలోకి నీలిరంగు ద్రవం ఎక్కించినప్పుడు యోనిలో ఉంచిన దూది నీలంగా మారితే లోపం మూత్రాశయంలో ఉన్నట్లు. రంగు అంటకుండా తడిస్తే మూత్రనాళాన్ని అనుమానిస్తారు. రెండు లోపాలూ కలిసి ఉండే అవకాశం ఉన్నందున సీటీ యూరోగ్రామ్‌తో నిర్ధారించుకుంటారు.

చికిత్స

మూత్రమార్గం గుండా సిస్టోస్కోప్ పంపి, సన్నని తీగ ఆధారంగా గాయాన్ని దాటించి డీజే స్టెంట్ అమర్చుతారు. మూత్రం స్టెంట్ ద్వారా దిగిపోవడంతో గాయం మానే అవకాశం కలుగుతుంది. మూత్రాశయంలో ఒత్తిడి పెరగకుండా కొన్నాళ్లు క్యాథెటర్ ఉంచుతారు. స్టెంట్‌ను సాధారణంగా 6-8 వారాల తరువాత తీసివేస్తారు.

కింది నుంచి తీగ వెళ్లనప్పుడు నడుము వెనుక నుంచి సూదితో కిడ్నీలోకి గొట్టం వేసి మూత్రాన్ని బయటకు మళ్లిస్తారు. ఇది నెఫ్రోస్టమీ. అదే దారిలో పైనుంచి స్టెంట్ దించే ప్రయత్నం చేస్తారు. కడుపులో మూత్రం నిల్వ చేరితే మరో గొట్టంతో తొలగిస్తారు. నాళం పూర్తిగా తెగినా, మూసుకుపోయినా దాన్ని మూత్రాశయానికి తిరిగి అతికించాలి. ఇప్పుడు దీన్ని లాపరోస్కోపీ, రోబోటిక్ పద్ధతుల్లోనూ చేస్తున్నారు.

కిడ్నీని కాపాడే మార్పు

1869లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుస్తావ్ సిమోన్ మూత్రనాళ ఫిస్టులాతో బాధపడుతున్న మహిళకు కిడ్నీనే తొలగించారు. ముందస్తు ప్రణాళికతో విజయవంతంగా జరిగిన తొలి కిడ్నీ తొలగింపుగా అది వైద్య చరిత్రలో నిలిచింది. 1955లో విల్లార్డ్ గుడ్‌విన్ బృందం నెఫ్రోస్టమీ విధానాన్ని వివరించింది. 1978లో డీజే స్టెంట్ వచ్చింది. నాడు కిడ్నీని బలిగొన్న లోపాన్ని సరిచేస్తూనే కిడ్నీని నిలబెట్టుకోవడం వీటితో సాధ్యమైంది.

తరువాతి జాగ్రత్తలు

లీకేజీ ఆగడంతో చికిత్స ముగిసినట్లు కాదు. మానిన చోట నాళం ఇరుకైతే నొప్పి లేకుండానే కిడ్నీ ఉబ్బి, క్రమంగా పనిచేయడం మానేస్తుంది. అందుకే స్టెంట్ తీశాక వైద్యులు సూచించిన వ్యవధుల్లో స్కానింగ్ తప్పనిసరి. తీయకుండా మరచిపోయిన స్టెంట్‌పై రాళ్లు పేరుకుంటాయి. సొంతూళ్లో చికిత్స పొంది ఖరగ్‌పూర్ వంటి దూర పట్టణాలకు తిరిగి వెళ్లేవారు స్టెంట్ తీయాల్సిన తేదీని డిశ్చార్జి పత్రంలో రాయించుకోవాలి. శస్త్రచికిత్స తరువాత లీకేజీతో పాటు జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు, మూత్రం తగ్గడం వంటివి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.