ఉద్దానపు ఉక్కపోత - ఇంటి గదిలో చలువ

శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి పరిసరాల నుండి ఇచ్ఛాపురం వైపు సముద్రతీరం వెంట కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు వ్యాపించి ఉన్నాయి. ఈ ప్రాంతాన్నే ఉద్దానం అంటారు. ఉద్యానం అనే మాటే ప్రజల నోట ఉద్దానంగా మారిందని చెబుతారు. తోటల నీడ, సముద్రపు గాలి ఉన్న ఇట్టి చోట గదిని చల్లబరచే యంత్రంతో పనేమిటని తోచవచ్చు. కాని వేసవి మధ్యాహ్నం గాలి స్తంభించినప్పుడు అక్కడి ఇంట్లో కూర్చున్నవారికి ఆ సందేహం రాదు. చెమట కారుతూనే ఉంటుంది గాని ఆరదు. దీనినే ఉక్క అంటాము.

ఎండ వేరు, ఉక్క వేరు. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల ఉష్ణం కావాలి. చెమట ఆరేటప్పుడు ఈ ఉష్ణాన్ని దేహం నుండి తీసుకుంటుంది. తడిపిన వట్టివేళ్ళ తట్టీలు గాలి నుండి తీసుకుంటాయి. మన పూర్వులు గుమ్మాలకు తట్టీలు కట్టి నీళ్ళు చల్లడంలోని సూత్రం ఇదే. ఈనాటి కూలరు కూడా ఫ్యాను బిగించిన తట్టీయే.

అయితే తట్టీకి ఒక హద్దు ఉన్నది. గాలిలో ఇదివరకే నీటియావిరి నిండి ఉంటే కొత్తగా నీరు ఆవిరి కాలేదు. గాలి 40 సెంటీగ్రేడు డిగ్రీల వేడితో, 20 శాతం ఆర్ద్రతతో ఉన్న మెట్ట ప్రాంతంలో తడి తట్టీ ఆ గాలిని సుమారు 23 డిగ్రీల వరకు దించగలదు. 34 డిగ్రీల వేడి, 75 శాతం ఆర్ద్రత గల తీరంలో 30 డిగ్రీలకంటె దిగువకు దించలేదు. రెండు ఉష్ణమాపకాలు తీసుకొని ఒకదాని గోళానికి తడిగుడ్డ చుట్టి గాలి విసిరితే, విద్యార్థులు తమ ఊరి హద్దును తామే కనుగొనవచ్చు. కాబట్టి ఉద్దానంలో గది చల్లబడాలంటే వేడితోపాటు నీటియావిరిని కూడా బయటికి పంపాలి.

మొదట మానవుడు చలువను దూరదేశాల నుండి తెచ్చుకున్నాడు. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వర్తకుడు బోస్టన్ నుండి సుమారు 180 టన్నుల మంచుగడ్డలను ఓడలో కలకత్తాకు పంపాడు. దారిలో కరిగింది పోగా 100 టన్నుల దాకా చేరింది. తరువాత మద్రాసు సముద్రపు ఒడ్డున ఆ మంచుకోసం కట్టిన ఐస్ హౌస్ నేటికీ నిలిచి ఉన్నది. ఆ కాలంలో టెక్కలి, పలాస గ్రామాలు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. మంచు వ్యాపారం పోయినా దాని గుర్తు మిగిలింది. 2,000 పౌన్ల మంచు 24 గంటలలో కరుగుతూ ఎంత ఉష్ణాన్ని గ్రహిస్తుందో, అంత ఉష్ణాన్ని అంతే కాలంలో తొలగించే యంత్రాన్ని "ఒక టన్ను" యంత్రమని ఇప్పటికీ అంటారు.

మంచుకై ఓడల దారి చూడడం విసుగై యంత్రాన్ని కల్పించినవాడు జాన్ గోరీ అనే వైద్యుడు. ఫ్లారిడాలో అపలాచికోలా అనే రేవు పట్టణం ఉన్నది. అదీ ఉద్దానం వలె ఉక్కపోసే తీరమే. అక్కడ గోరీ 1840 తరువాత జ్వరపీడితుల గదులలో పైకప్పు నుండి మంచు పళ్ళేలు వేలాడదీశాడు. పిదప గాలిని అదిమి, నీటితో చల్లార్చి, మరల వ్యాకోచింపజేసి మంచు తయారుచేసే యంత్రానికి 1851లో పేటెంటు పొందాడు. పెట్టుబడి దొరకక, 1855లో నిరాశతోనే మరణించాడు.

చెడుగాలి వలన మలేరియా వస్తుందని గోరీ నమ్మకం. అది పొరపాటు. 1897లో సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ శరీరంలో మలేరియా పరాన్నజీవిని చూచాడు. గోరీ సిద్ధాంతం తప్పైనా, మంచంలోని రోగికి చల్లని గది కలిగించిన ఊరట మాత్రం నిజమే.

గాలిలోని తేమను అదుపులో పెట్టినవాడు విల్లిస్ కారియర్. 1902లో బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో తేమకు కాగితం సాగి రంగులు చెదిరిపోయేవి. కారియర్ గాలిని చల్లని గొట్టాల మీదుగా నడిపించగా తేమ నీరై కారిపోయింది. చల్లని చెంబు వెలుపల నీటి బొట్లు పట్టడం వంటిదే ఇది. మనుష్యుల సుఖానికి కాక, కాగితానికి పుట్టిన ఉపాయం ఈనాడు ఇళ్ళలో ప్రవేశించింది.

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ఉత్పత్తి ప్రారంభమైంది. కాలక్రమాన ఉత్తర కోస్తా ఇళ్ళలో విసనకర్రల స్థానంలో ఫ్యాన్లు వచ్చాయి. 1986లో ఇటలీలోని డెలోంగి సంస్థ పింగ్వినో అనే పేరుతో, చక్రాలమీద గది నుండి గదికి దొర్లించుకొనే శీతల యంత్రాన్ని వెలువరించింది. గోడ పగులగొట్టనక్కరలేదు కనుక అద్దె ఇంటివారికి ఇట్టిది అనుకూలం.

కాని యంత్రం చలువను సృష్టించదు. వేడిని ఒకచోట తీసి మరొకచోట వదలుతుంది. గది నుండి తీసిన ఉష్ణం, తాను వాడిన విద్యుచ్ఛక్తి, రెండూ కలిసి వెనుక గొట్టంలో నుండి పోతాయి. ఆ గొట్టాన్ని కిటికీ దాటించకపోతే గది చల్లబడకపోగా మొత్తంమీద వేడెక్కుతుంది. మరొక చిక్కు ఉన్నది. ఒకే గొట్టం గల యంత్రం గదిలోని గాలినే బయటికి ఊదుతుంది. అంత గాలీ తలుపు సందుల నుండి, పెంకుల సందుల నుండి తిరిగి లోపలికి వస్తుంది. తీరప్రాంతంలో ఆ వచ్చేది వేడి, తేమ నిండిన గాలి. యంత్రం చేసిన పనిలో కొంత ఇట్లు వ్యర్థమవుతుంది. బయటి గాలిని ఒక గొట్టంతో పీల్చి రెండవ గొట్టంతో వదలే యంత్రంలో ఈ నష్టం తక్కువ. ఏ యంత్రమైనా సరే, సందులు పూడ్చి, కిటికీకి ఎండ తగలకుండా చేసి, లోపల చేరిన నీటిని పారబోస్తూ ఉండాలి.

ఉద్దానంలో ఈ విషయం విలాసానికి మాత్రమే సంబంధించినది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను లెక్కలేనన్ని కొబ్బరి, జీడిమామిడి చెట్లను కూల్చి నీడను హరించింది. అనేక సంవత్సరాలుగా అక్కడి గ్రామాలను దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్నది. దాని కారణం నిశ్చయంగా తేలలేదు. ఎండలో శ్రమించి దేహంలో నీరు తగ్గిపోవడం శాస్త్రజ్ఞులు పరిశీలించే అంశాలలో ఒకటి. పలాసలో 2023లో మూత్రపిండాల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైనవి. డయాలిసిస్ చేయించుకొనే రోగి సాధారణంగా వైద్యుడు చెప్పిన కొలతకు మించి నీరు త్రాగరాదు. దాహం వేసినా గ్రుక్కలు లెక్కపెట్టుకొనే ఆ మనిషికి ఉక్క తగ్గిన గది ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

చల్లని గది వ్యాధిని నయం చేయదు. వ్యాధి కారణాన్ని వెదకడం శాస్త్రజ్ఞుల పని, ఆలోగా మంచంలోని రోగికి కొంత ఊరట కలిగించడం ఇంటివారి పని. అపలాచికోలా వైద్యుడు మంచు పళ్ళెం వేలాడదీసింది అందుకే.